సిద్ధి, శబ్దం: గోదావరి డెల్టా సభాశ్రవణమూ రేడియో శ్రవణమూ

తెలుగు పద్యనాటక విమర్శలో ‘వన్స్‌మోర్’ అనే మాటకు మర్యాద తక్కువ. నటుడు పద్యం ముగించగానే ప్రేక్షకుల నుంచి ఆ కేక లేవటం, నటుడు పాత్రను పక్కనపెట్టి అదే పద్యాన్ని మళ్ళీ ఎత్తుకోవటం, ఆ ఊపులో రాగాన్ని మరికొంత సాగదీయటం నాటకధర్మానికి భంగమని విమర్శకులు పలుమార్లు తీర్పు చెప్పారు. బళ్ళారి రాఘవ వంటి మహానటుడే నటన పాటకు లొంగిపోవటాన్ని నిరసించాడు. ఆ నిరసనకు తగిన కారణాలు ఉన్నాయి. అయితే ఆ కేకను కేవలం అభిరుచి లోపంగా కొట్టివేసినప్పుడు ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ప్రదర్శన ఫలించిందని చెప్పవలసినది ఎవరు? ఏ గుర్తుతో చెప్పాలి? భరతుడు ఈ ప్రశ్నకు నాట్యశాస్త్రంలో ఒక అధ్యాయమే కేటాయించాడు. గోదావరి డెల్టా సభలు తమదైన పద్ధతిలో దానికి జవాబు చెప్పుకున్నాయి. ఆ సభల గాలి పీల్చి పెరిగిన కళాకారులు, రచయితలు ఎందరో పనిచేసిన తెలుగు రేడియో మాత్రం ఆ జవాబును చాలావరకు స్టూడియో తలుపు బయటనే ఉంచింది. సభలో కూర్చున్న శ్రోత వినేది ఏమిటి, ఆ శ్రోతే మైకు ముందుకు వచ్చి తాను విన్నదాన్ని ఇతరులకు వినిపించబూనినప్పుడు అందులో మిగిలేది ఏమిటి అన్నది ఈ వ్యాసం పరిశీలించే విషయం. నేడు కళాశాలల ఆవరణల నుంచే రేడియో కేంద్రాలు నడుస్తున్నాయి. వాటి విద్యార్థి వ్యాఖ్యాతలు రికార్డరు పట్టుకొని ఉత్సవాలకు వెళ్ళగలిగే స్థితి ఏర్పడింది. అందువల్ల ఇది పాత చరిత్రకు మాత్రమే చెందిన చర్చ కాదు.

భరతుని కొలమానం

నాట్యశాస్త్రం 27వ అధ్యాయం సిద్ధిని నిరూపిస్తుంది. సిద్ధి అంటే ప్రదర్శన ఫలించటం. అది మానుషి, దైవికి అని రెండు విధాలు. మానుషీ సిద్ధి మళ్ళీ రెండుగా చీలుతుంది. నోటి ద్వారా వ్యక్తమయ్యేది వాఙ్మయి. శరీరం ద్వారా వ్యక్తమయ్యేది శారీరి. చిరునవ్వు, సగం నవ్వు, పెద్ద నవ్వు, ‘సాధు’ అనటం, ‘అహో’ అనటం, కరుణ ఘట్టంలో ‘కష్టం’ అనటం, చివరకు సభ అంతటా చెలరేగే పెద్ద ధ్వని వాఙ్మయి కిందికి వస్తాయి. పులకరింత, ఆసనం నుంచి లేవటం, పైబట్టను విసరటం, వేలు విదిలించటం శారీరి కిందికి వస్తాయి. ఈ జాబితాలో గమనించవలసిన విషయం ఒకటుంది. ఇవన్నీ ప్రేక్షకుడు చేసే పనులు. ఫలించినది నటుని ప్రయోగమే అయినా దాని నిదర్శనం ప్రేక్షకుని నోట, ఒంట కనిపించాలి. ‘వన్స్‌మోర్’ అనే కేకకు శాస్త్రంలో ఏదైనా బంధువు ఉంటే అది ‘సాధు’ శబ్దమే.

దైవికీ సిద్ధి లక్షణం ఇంకా ఆసక్తికరమైనది. భావం అతిశయించి, సత్త్వం నిండి, సభలో శబ్దం గాని కలవరం గాని ఉత్పాతం గాని లేక, రంగస్థలం ప్రేక్షకులతో నిండి ఉన్నప్పుడు కలిగేది దైవికి. అంటే మనుషుల మెప్పుకు గుర్తు ధ్వని అయితే అంతకంటె పై మెట్టుకు గుర్తు నిండు సభలోని నిశ్శబ్దం. ఖాళీ సభలోనూ నిశ్శబ్దం ఉంటుంది కాని అది సిద్ధి కాదు. ‘నిండుదనం’ అన్న రెండవ షరతును భరతుడు చేర్చింది ఇందుకే కావచ్చు.

ఈ విభాగాన్ని రేడియోకు అన్వయిస్తే ఒక విచిత్రమైన ఫలితం వస్తుంది. వాఙ్మయీ సిద్ధిని మైకు పట్టుకోగలదు. శారీరి దానికి అందదు. పులకరింతకు చప్పుడు లేదు. ఇక దైవికి రేడియోలో తలకిందులవుతుంది. నిండు సభ ఊపిరి బిగపట్టిన క్షణం ఇంట్లో కూర్చున్న శ్రోతకు ప్రసారం ఆగిపోయిందేమో అనిపిస్తుంది. రేడియో ఉద్యోగి మొదట నేర్చుకునే పాఠాలలో ఒకటి ప్రసారంలో మౌనం పడనీయరాదని. శాస్త్రం ఉత్తమమని చెప్పిన సిద్ధి, యంత్రానికి లోపంగా వినిపిస్తుందన్నమాట. సభకూ రేడియోకూ మధ్య ఉన్న అంతరాన్ని ‘ప్రత్యక్షం’, ‘పరోక్షం’ అనే మామూలు జంటతో వివరించటం కంటె ఈ తలకిందుల స్థితితో వివరించటం మేలు.

డెల్టా సభలో శ్రోత వాటా

గోదావరి డెల్టాలో ‘సభ’ అన్న మాట ఒకే రకపు సమావేశాన్ని సూచించదు. ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాల నుంచి పేరుగాంచిన కాకినాడ సరస్వతీ గానసభ వంటి సంస్థలలో జరిగే కర్ణాటక సంగీత కచేరీ ఒక సభ. ఆలయ ప్రాంగణంలో జరిగే హరికథ మరొకటి. సంక్రాంతి రోజులలో మొదలై వారాల తరబడి సాగే భీమవరం మావుళ్ళమ్మ ఉత్సవాల వంటి సందర్భాలలో రాత్రిపూట వేసే పద్యనాటకం ఇంకొకటి. మూడింటిలోనూ శ్రోతకు వాటా ఉంది. అయితే ఆ వాటా స్వభావం వేరు.

కచేరీలో రసికుడు ప్రధానంగా శారీరి. తొడపై తాళం, తల ఊపు, స్వరకల్పన సమానికి చేరినప్పుడు చేయి లేవటం అతని భాష. మధ్యలో ఒక ‘భళా’, ఒక ‘శభాష్’ ఉండవచ్చు. పక్కవాద్యగాడు ఈ గుర్తులను చూస్తూనే ఉంటాడు. సభ తలలో తాళం నిలిచిందా లేదా అన్నదాన్ని బట్టి గాయకుడు మరో ఆవర్తం పొడిగించటమో, అక్కడితో ముగించటమో చేస్తాడు. తనియావర్తనం మొదలుకాగానే కాఫీకి లేచే రసికుణ్ణి భరతుడు ఏ కోవలో చేర్చేవాడో ఊహించవచ్చు. అభ్యుత్థానమంటే అది మాత్రం కాదు.

హరికథలో దాసు సభతో నేరుగా మాట్లాడతాడు. గోవింద నామాన్ని సభ చేత పలికించి కథను తిరిగి అందుకుంటాడు. ఆలస్యంగా వచ్చి ముందు వరుసలో చోటు వెదుక్కునేవారిపై పిట్టకథ విసురుతాడు. సభ నవ్విన తీరును బట్టి తరువాతి ఘట్టం నిడివి నిర్ణయమవుతుంది. ఈ కళను పాఠంగా నేర్పటానికి డెల్టాలోనే కపిలేశ్వరపురంలో సర్వారాయ హరికథా పాఠశాల వెలసింది. సంగీతం, సాహిత్యం, అభినయం పాఠశాలలో నేర్పవచ్చు. సభను చదవటం మాత్రం సభలోనే నేర్వవలసిన విద్య.

పద్యనాటకంలో శ్రోత వాటా అన్నింటికంటె బాహాటమైనది. ఇక్కడ కొంత నిలిచి చూడవలసి ఉంది. ఈ రంగస్థలాన్ని పోషించిన రచనలలో చాలా వాటికి గోదావరి జిల్లాలతో సంబంధం ఉంది. గయోపాఖ్యానం రచించిన చిలకమర్తి లక్ష్మీనరసింహం సాహిత్య జీవితం రాజమహేంద్రవరంతో పెనవేసుకున్నది. పాండవోద్యోగ విజయాలు రచించిన జంటకవులలో దివాకర్ల తిరుపతిశాస్త్రి భీమవరం ప్రాంతపు యండగండిలో పుట్టాడు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి కడియంలో పుట్టాడు. ఇద్దరూ అవధానులు. అంటే పృచ్ఛకుని ఎదురుగా, సభ ఎదురుగా, అప్పటికప్పుడు పద్యం చెప్పి ఆ క్షణంలోనే మెప్పు పొందటానికి అలవాటుపడినవారు. వారి నాటక పద్యాల నిర్మాణంలో ఈ అలవాటు కనిపిస్తుంది. మాట్లాడే భాషకు దగ్గరగా సాగి, చివరి పాదంలో ఎత్తిపొడుపో సవాలో పూర్తయి, శ్రోత వెంటనే స్పందించటానికి చోటు వదిలే పద్యాలు అవి. ‘వన్స్‌మోర్’ను నటుల పాటపిచ్చి పెంచిన దురలవాటుగా మాత్రమే చూసే విమర్శ ఈ ఛందోనిర్మాణాన్ని పట్టించుకోలేదు. పద్యం తానే ఆ కేకను ఆహ్వానిస్తున్నది. అవధాన సభలో పుట్టిన పద్యానికి సభ జవాబు కూడా ఒక పాదం వంటిదే.

ఆ జవాబును అందుకునేది హార్మోనిస్టు. తెలుగు నాటక రంగస్థలంపై అతడు పక్కవాద్యగాడు మాత్రమే కాదు. శ్రుతి ఇచ్చేది, పద్యానికి రాగం అందించేది, పాత్ర ప్రవేశించేలోగా సభను పట్టి ఉంచేది, కేక లేచినప్పుడు నటునికి మళ్ళీ ఎత్తుగడ చూపేది అతడే. రాత్రి పొద్దుపోయాక మొదలై తెల్లవారుజాము దాకా సాగే నాటకంలో కాలాన్ని నడిపేది హార్మోనియమేనంటే అతిశయోక్తి కాదు.

మైకుసెట్టు రాకతో ఈ సభ కొంత మారింది. అంతకుముందు నటుడు చివరి వరుసకు వినిపించటానికి శ్రుతి పెంచి, గొంతు చించుకొని పాడవలసి వచ్చేది. పై షడ్జంలో నిలిచి రాగం తీయటం శాస్త్రప్రదర్శన కోసమే కాదు, దూరం కోసం కూడా. లౌడ్‌స్పీకరు వచ్చాక ఆ అవసరం తీరినా అలవాటు తీరలేదు. దీనివల్ల తేలే విషయం ఒకటుంది. ‘ప్రత్యక్ష సభ’ అన్నది యంత్రస్పర్శ లేని స్వచ్ఛస్థితి కాదు. డెల్టా శ్రోత దశాబ్దాలుగా లౌడ్‌స్పీకరు గుండానే వింటున్నాడు. కాబట్టి రేడియోను తప్పుపట్టవలసినది అది యంత్రమైనందుకు కాదు. సభ నుంచి వచ్చే జవాబుకు అందులో దారి లేకపోయినందుకు.

స్టూడియో నిశ్శబ్దం

మద్రాసు రేడియో కేంద్రం 1938 జూన్ 16న ప్రారంభమైంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. ఈ రెండింటి చరిత్రలో గోదావరి జిల్లాలవారి పాత్ర పెద్దది. నిడదవోలులో 1920లో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు, వేంకట పార్వతీశ కవులలో ఒకరైన వేంకటరావు కుమారుడు. ఆయన 1941లో మద్రాసు కేంద్రంలో చేరి, తరువాత విజయవాడ కేంద్రానికి తన ముద్ర వేశాడు. శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ, రాజోలులో 1928లో పుట్టిన వోలేటి వేంకటేశ్వర్లు ఇద్దరూ విజయవాడ కేంద్రంలో పనిచేశారు. పిఠాపురం ప్రాంతం నుంచి వచ్చిన దేవులపల్లి కృష్ణశాస్త్రి రేడియోకు పాటలు, రూపకాలు రాశాడు. వీరిలో ఎవరూ సభకు కొత్తవారు కారు. బాలమురళి ఎనిమిదేళ్ళ వయసులోనే విజయవాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో కచేరీ చేసిన బాలుడు.

అయినా వారు ప్రవేశించిన సంస్థకు తనవైన నియమాలు ఉన్నాయి. వాటిలో హార్మోనియం నిషేధం ఒకటి. 1940 మార్చి 1 నుంచి ఆలిండియా రేడియో హార్మోనియాన్ని ప్రసారాల నుంచి తొలగించింది. మెట్ల మీద నిలిచే దాని స్వరాలు భారతీయ సంగీతంలోని గమకాలకు, శ్రుతిభేదాలకు సరిపడవన్నది ప్రధాన వాదం. ఆ నిషేధం 1971లో గాని సడలలేదు. అదీ పాక్షికంగానే. కర్ణాటక కచేరీకి దీనివల్ల కలిగిన నష్టం స్వల్పం. వయొలిన్ అప్పటికే ఆ స్థానంలో స్థిరపడింది. డెల్టా పద్యనాటకానికి కలిగిన నష్టం వేరు. మూడు దశాబ్దాల పాటు రేడియోలో పద్యం వినిపించిందంటే, సభలో దానికి నడక ఇచ్చిన వాద్యం లేకుండా వినిపించిందన్నమాట. శాస్త్రీయ సంగీతపు కొలతతో తీసుకున్న నిర్ణయం ఒకటి, శాస్త్రీయ సంగీతం కాని కళ మీద ఎలా పడిందో చెప్పటానికి ఇంతకు మించిన ఉదాహరణ అరుదు. నిషేధాన్ని సమర్థించినవారు గమకాన్ని గురించి ఆలోచించారు. సభ జవాబును అందుకునే వాద్యం అదేనన్న సంగతి వారి చర్చలోకి రాలేదు.

కాలనియమం రెండవది. సభలో మూడు గంటలు సాగే హరికథను అరగంటకో గంటకో కుదించవలసి వచ్చింది. కోతలో మొదట పోయేది పిట్టకథ. అంటే సభతో దాసు మాట్లాడే భాగమే. నాటకంలో మొదట పోయేది పునరావృత్తి. కథాభాగమూ కీర్తనలూ మిగులుతాయి. శ్రోత వాటా మిగలదు.

కళాకారుల గ్రేడింగు మూడవది. బి.వి. కేస్కర్ కేంద్రమంత్రిగా ఉన్న కాలంలో, 1952 నుంచి, ఆడిషన్ విధానం కట్టుదిట్టమైంది. నిపుణుల మండలి విని శ్రేణి నిర్ణయించేది. ఇది భరతునికి కొత్తగా తోచే విషయం కాదు. ఆయన కూడా సందేహం వచ్చినచోట తీర్పు చెప్పటానికి యజ్ఞవేత్త, నర్తకుడు, ఛందోవేత్త, వ్యాకరణవేత్త మొదలైన ప్రాశ్నికులను నియమించాడు. తేడా ఏమంటే ప్రాశ్నికులు ప్రేక్షకులతో పాటు సభలోనే ఉంటారు. ఆడిషన్ మండలికి సభ లేదు. వారు విన్నది స్వరజ్ఞానాన్ని, తాళజ్ఞానాన్ని, గాత్రాన్ని. సభను పట్టగల శక్తికి ఆ పరీక్షలో అంకె లేదు.

1954లో మొదలైన రేడియో సంగీత సమ్మేళనం ఈ లోటును కొంత గుర్తించినట్టు కనిపిస్తుంది. ఆహ్వానితులైన శ్రోతల ముందు కచేరీ జరిపి ప్రసారం చేయటం దాని పద్ధతి. అంశం ముగిసినప్పుడు చప్పట్లు వినిపిస్తాయి. కాని ఆహ్వానపత్రంతో వచ్చి కూర్చున్న శ్రోత మర్యాదస్తుడు. అతడు అంశం మధ్యలో అడ్డుపడడు. చప్పట్లు అక్కడ జవాబు కాదు, విరామచిహ్నం.

ఇవన్నీ నష్టం పద్దులో రాసి ఊరుకుంటే అన్యాయమవుతుంది. స్టూడియో నిశ్శబ్దం తెలుగుకు లలితసంగీతాన్ని ఇచ్చింది. చివరి వరుస లేని చోట గొంతు పెంచవలసిన పని లేదు. మైకుకు జానెడు దూరంలో, దాదాపు మాట స్థాయిలో పాడిన పాట, ఇంట్లో ఒంటరిగా ఉన్న శ్రోతకు తనతోనే చెప్పుకుంటున్నట్టు వినిపిస్తుంది. భావకవితకు ఇంతకంటె అనువైన వేదిక అంతకుముందు లేదు. కృష్ణశాస్త్రి పాటలోని లోగొంతును ఉత్సవపు పందిట్లో పాడి నెగ్గించటం కష్టం. రజనీకాంతరావు ప్రతిభ ఈ సూక్ష్మాన్ని తొలినాళ్ళలోనే కనిపెట్టటంలో ఉంది. పాటకు మైకు కేవలం వాహకం కాదని, రచనలో భాగమని ఆయన బాణీలు తెలియజేస్తాయి. ఉదయపు భక్తిరంజని కూడా ఇటువంటిదే. భజనగోష్ఠిలో పదిమంది గొంతు కలిపి పాడుకునే కీర్తనను అది ఒంటరి శ్రవణానికి మలచింది. బాలమురళి గొంతులో రామదాసు కీర్తనలు తెలుగిళ్ళలో స్థిరపడటానికి ఈ మలుపు ముఖ్య కారణం. అయితే భజనలో కీర్తన పాడేవాడు, వినేవాడు ఒకడే. భక్తిరంజనిలో వారు ఇద్దరయ్యారు. లాభమూ నష్టమూ ఒకే చోట ఉన్నాయి.

స్టూడియోలో పుట్టి కూడా జవాబుకు చోటు ఉంచిన కార్యక్రమం ఒకటుంది. వోలేటి వేంకటేశ్వర్లు నిర్వహించిన సంగీత శిక్షణలో గురువు పలుకుతాడు, శిష్యులు తిరిగి పలుకుతారు, గురువు సరిదిద్దుతాడు. ఆ సరిదిద్దటమే కార్యక్రమానికి ప్రాణం. ఇంట్లోని శ్రోత శిష్యుల పక్కన చేరి మూడవ గొంతుగా పాడుకోగలిగాడు. కచేరీ ప్రసారం ఇవ్వలేని భాగస్వామ్యాన్ని ఒక పాఠం ఇవ్వగలిగిందంటే, దారి లేకపోవటం యంత్రదోషం కాదని, కార్యక్రమ రూపానికి సంబంధించినదని తేలుతుంది.

రజనీకాంతరావు 1958లో ప్రచురించిన ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము తెలుగు సంగీతచరిత్ర రచనకు మూలస్తంభాలలో ఒకటి. దానికి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. గ్రంథనామమే చెప్తున్నట్టు దాని దృష్టి కర్త మీద ఉంది. మాటను, పాటను ఒక్కడే కూర్చిన వాగ్గేయకారుడు దానికి నాయకుడు. రేడియో ఉద్యోగిగా వేలమంది అదృశ్య శ్రోతలతో జీవితం గడిపిన మనిషి రాసిన చరిత్రలో శ్రోత నాయకుడు కాకపోవటం గమనార్హం. ఇది ఆ గ్రంథం లోపమని చెప్పటం ఉచితం కాదు. దాని ప్రతిజ్ఞ వేరు. కాని ఆ తరువాత దానికి జోడుగా ‘ఆంధ్ర శ్రోతల చరిత్ర’ ఒకటి రావలసి ఉండగా రాలేదు. రావటానికి ఆధారాలే తగ్గిపోయాయి. గ్రామఫోను రికార్డు ఒక పక్క సుమారు మూడు నిమిషాలే పట్టేది. అందులో పద్యం ఉంటుంది, కేక ఉండదు. స్టూడియో టేపులో పద్యం స్పష్టంగా ఉంటుంది, సభ ఉండదు. రేపటి పరిశోధకుడు ఈ రెండింటినే విని పద్యనాటకాన్ని అంచనా వేస్తే, నటుడు గోడకు చెప్పుకున్నట్టుగా రాగం ఎందుకు తీశాడో అతనికి అర్థం కాదు. ‘వన్స్‌మోర్’ను ఖండించిన విమర్శ సరైనదో కాదో తేల్చటానికి కావలసిన సాక్ష్యమే నిల్వలో లేకుండాపోతుంది.

మౌనాన్ని చెప్పే గొంతు

స్టూడియో దాటి ఉత్సవానికి వెళ్ళిన రేడియో గొంతులలో అగ్రగణ్యుడు ఉషశ్రీ. పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులుగా పశ్చిమ గోదావరి కాకరపర్రులో 1928లో పుట్టిన ఆయన, రామాయణ భారతాల రేడియో ఉపన్యాసాలతో ఎంత ప్రసిద్ధుడో భద్రాచల సీతారామ కల్యాణ వ్యాఖ్యానంతో అంత ప్రసిద్ధుడు. భద్రాచలం తాలూకా 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలోదే. డెల్టావాసికి అది ఎగువ గోదావరిలో ఉన్న సొంత క్షేత్రం. చైత్రశుద్ధ నవమి మధ్యాహ్నం అభిజిల్లగ్నంలో అక్కడ కల్యాణం జరుగుతుండగా, ఇక్కడ పానకం, వడపప్పు ముందు పెట్టుకొని రేడియో విన్న ఇళ్ళకు ఆ గొంతే పందిరి.

ప్రత్యక్ష వ్యాఖ్యానాన్ని సాహిత్యప్రక్రియగా పరిగణించటానికి మన విమర్శ వెనుకాడుతూ వచ్చింది. ముందుగా రాసుకున్న పాఠం ఉండదు కాబట్టి దాన్ని వాగ్ధోరణిగా సరిపెట్టింది. భరతుని విభాగంతో చూస్తే ఆ ప్రక్రియ చేసే పని స్పష్టపడుతుంది. మంత్రం వినిపిస్తుంది. మంగళవాద్యం వినిపిస్తుంది. జనఘోష వినిపిస్తుంది. వీటిని వ్యాఖ్యాత చెప్పనవసరం లేదు. చెప్తే అడ్డుపడినట్టే. చెప్పవలసినవి శారీరి, దైవికి. చేతులు జోడించిన వేలమంది, పందిరి కింద ఎండకు చెమటలు కారుతున్నా కదలని వరుసలు, మంగళసూత్రం పైకెత్తి చూపినప్పుడు ఒక్కసారిగా అటు తిరిగిన కళ్ళు శబ్దం లేనివి. వ్యాఖ్యాత మాట్లాడకపోతే రేడియోలో అవి లేవు. మాట్లాడితే ఆ నిశ్శబ్దం చెదిరిపోతుంది. ఈ చిక్కును విప్పటానికి ఉన్న సాధనం గొంతు స్థాయి ఒక్కటే. గొంతు తగ్గించి, మాటకూ మాటకూ మధ్య వెనకనున్న సభ వినిపించేంత ఎడమిచ్చి చెప్పినప్పుడు శ్రోతకు నిండుదనం తెలుస్తుంది, నిశ్శబ్దం కూడా తెలుస్తుంది. పురాణం చెప్పి అలవాటైన గొంతుకు ఈ ఎడం పాటించటం సహజంగా వస్తుంది. పౌరాణికుడు శ్లోకానికీ తాత్పర్యానికీ మధ్య ఆగినప్పుడు సభను చూస్తాడు. ఉషశ్రీ వ్యాఖ్యాన బలాన్ని పదసంపదలో మాత్రమే వెదికే ప్రశంసలు ఈ ఎడాన్ని లెక్కించవు. ఆయన తరువాత వచ్చిన ప్రత్యక్ష వ్యాఖ్యానాలలో విశేషణాలు పెరిగాయి, ఎడం తగ్గింది. టెలివిజన్‌లో బొమ్మ కనిపిస్తూనే ఉన్నా వ్యాఖ్యాత ఆగడు. కళ్ళెదుట ఉన్నదాన్నే మళ్ళీ చెప్పటం మౌనభయానికి మిగిలిన ఆనవాలు.

కళాశాల రేడియో ముందున్న అవకాశం

2002 చివరలో కేంద్ర ప్రభుత్వం విద్యాసంస్థలకు సామాజిక రేడియో నడుపుకునే అనుమతినిచ్చింది. 2006లో ఆ విధానం స్వచ్ఛంద సంస్థలకూ వర్తించింది. డెల్టాలో దీనికి ఉదాహరణ భీమవరంలోని శ్రీ విష్ణు మహిళా ఇంజనీరింగ్ కళాశాల ఆవరణలోని రేడియో విష్ణు, 90.4 మెగాహెర్ట్జ్. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని బోల్ హైదరాబాద్, జహీరాబాద్ ప్రాంతంలో 2008లో గ్రామీణ మహిళలు ప్రారంభించిన సంగం రేడియో తెలుగునాట ఇదే కుటుంబానికి చెందినవి. ఇటువంటి కేంద్రాల ప్రసారశక్తి సాధారణంగా వంద వాట్లకు పరిమితం. కనీసం సగం కార్యక్రమాలు స్థానికంగా తయారు కావాలన్నది నిబంధన. వినిపించే పరిధి పది పదిహేను కిలోమీటర్లు.

సాంకేతికంగా చిన్నదైన ఈ పరిధి, సభావిమర్శ దృష్టితో చూస్తే అపూర్వమైనది. ఉత్సవపు పందిట్లో కూర్చున్నవారూ రేడియో వినేవారూ ఇక్కడ చాలావరకు ఒకే జనం. విజయవాడ కేంద్రానికి అటువంటి స్థితి లేదు. దాని శ్రోత ఏ జిల్లావాడైనా కావచ్చు. నిన్న రాత్రి నాటకంలో తాను వేసిన కేకను నేడు రేడియోలో తానే వినగలిగిన శ్రోత తెలుగు ప్రసార చరిత్రలో కొత్త మనిషి. కాలనియమం కూడా ఇక్కడ సడలుతుంది. పూర్తి హరికథను పిట్టకథలతో సహా ప్రసారం చేయటానికి అడ్డుపడే జాతీయ కార్యక్రమాల పట్టిక లేదు.

అవకాశం ఉన్నంత మాత్రాన ఫలితం దానంతటదే రాదు. ఎఫ్‌ఎం వాణిజ్య కేంద్రాలు స్థిరపరచిన ‘ఆర్జే’ బాణీ విద్యార్థి వ్యాఖ్యాతల ముందున్న బలమైన నమూనా. సినిమా పాట, పాటకు ముందు వేగంగా సాగే మాట, ఆగని గొంతు దాని లక్షణాలు. ఆ బాణీతో ఉత్సవానికి వెళ్ళినవారు సాధారణంగా వేదిక వెనక్కు వెళ్ళి కళాకారుని రెండు ప్రశ్నలు అడిగి, ఒక పద్యం పాడించుకొని తిరిగి వస్తారు. దొరికినది మళ్ళీ స్టూడియో పద్యమే. ప్రాంగణం మాత్రం మారింది. సభలో కూర్చొని తెల్లవారేదాకా వినటం వ్యాఖ్యాత పనిలో భాగమని గుర్తించినప్పుడు రికార్డింగు తీరే మారుతుంది. మైకుసెట్టు మిక్సరు నుంచి తీగ తగిలించుకుంటే నటుని గొంతు, హార్మోనియం శుభ్రంగా వస్తాయి. సభ రాదు. సభ రావాలంటే మరో మైకును జనం వైపు తిప్పి, పందిరి మధ్యలో ఎక్కడో కట్టాలి. అందులో కేకతో పాటు పసిపిల్లల ఏడుపు, పల్లీలమ్మేవాని పిలుపు, జనరేటరు మోత కూడా వస్తాయి. భరతుడు ఘాతల కింద లెక్కవేసిన ఈలలు, అల్లరి వీటికి తోడవుతాయి. సిద్ధినీ ఘాతాన్నీ వేరు చేయటం ఆ మైకుకు చేతకాదు. అది సంపాదకుని పని. రెండు పట్టాలనూ ఏ పాళ్ళలో కలపాలన్నది సాంకేతిక నిర్ణయంగా కనిపించే విమర్శ నిర్ణయం. జనం పట్టాను పూర్తిగా తగ్గిస్తే రాఘవ పక్షం. పూర్తిగా పెంచితే పందిరి పక్షం.

దీనికి తోడు న్యాయపరమైన అంశం ఒకటి. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 1994 సవరణతో ప్రదర్శకుల హక్కు విస్పష్టమైన రూపం పొందింది. ఇప్పుడు ఆ హక్కు కాలపరిమితి 50 సంవత్సరాలు. హరికథకుని, నటుని, హార్మోనిస్టుని అనుమతి లేకుండా వారి ప్రదర్శనను రికార్డు చేసి ప్రసారం చేయరాదు. జీవనాధారంగా రాత్రికింత అని పుచ్చుకొని పాడే కళాకారునికి ఇది అవసరమైన రక్షణ. విద్యార్థి వ్యాఖ్యాత సంచిలో రికార్డరుతో పాటు అనుమతి పత్రం కూడా ఉండాలి. ఆ పత్రంలో ముగ్గురి సంతకాలు ఉంటాయి. పద్యాన్ని రెండవసారి పాడించినవారి సంతకానికి అందులో గడి లేదు. జనం వైపు తిప్పిన మైకు పట్టుకున్నది మాత్రం వారి గొంతునే.